చెక్క రింగులు, నాలుగేళ్ల వాడకం తర్వాత: వణుకు చెప్పేది, చెప్పనిది

పైనుంచి పట్టీలతో వేలాడదీసి కసరత్తు చేసే ఈ జిమ్నాస్టిక్స్ రింగుల గురించి రాసేవాళ్లంతా మజిలప్ దగ్గర, అంటే కింద వేలాడుతూ ఒంటిని రింగుల మీదికి లాక్కుని ఎక్కే విన్యాసం దగ్గర, మొదలుపెడతారు. నాకు మాత్రం వీటిలో అన్నిటికంటే నచ్చింది ఇవి వణకడం. చేతులు రెండూ నిటారుగా పెట్టి, కాళ్లు నేల మీంచి లేపి, ఒళ్లంతా రింగుల మీద నిలబెడితే పట్టీలు సన్నగా అదురుతాయి చూడండి, అదీ సంగతి. సపోర్ట్ హోల్డ్ అంటారు దాన్ని. కొత్తలో చిరాకేసేది. ఇప్పుడు ఆ అదురు చూడనిదే ఆ రోజు ఎంత చెయ్యాలో తేల్చుకోను.

కొలతలు, చెక్క రకం, ఎంత బరువు మోస్తాయన్నది అమ్మేవాళ్లే రాస్తారు కాబట్టి వదిలేస్తున్నా. మాది పాత డాబా. శ్లాబు పోసేనాడే హాల్లో ఉయ్యాల బల్ల కోసం ఊచలకు తగిలించి దింపిన నాలుగు కొక్కేలున్నాయి. బల్ల ఎప్పుడో అటకెక్కింది. వెడల్పు వైపు రెండు కొక్కేల మధ్య ఎడం, పోటీల్లో రింగుల మధ్య ఉంచే 50 సెంటీమీటర్లకు దగ్గరగా ఉండటం నా అదృష్టం. నా అనుభవంలో సగం ఆ కొక్కేల పుణ్యమే. తలుపు ఫ్రేముకు బిగించే రాడ్డు మీద వేలాడదీసినవాళ్లకూ ఇలాగే ఉంటుందని చెప్పలేను.

జిమ్ములో ఇనుము ఎత్తేవాడికి ఒక వెసులుబాటు ఉంది. నిద్ర చాలని రోజు రెండు ప్లేట్లు తీసి పక్కన పెడతాడు. ఒంటి బరువుతో చేసేవాడికి ఆ దారి లేదు. నేను 70 కిలోలు. అలసిపోయిన రోజు కూడా 70 కిలోలే. మంచి రోజున రింగులకు వేలాడి ఒంటిని పైకి లాగే పులప్స్ ఎనిమిది తీస్తే, చెడ్డ రోజున అయిదు తీసేసరికి ప్రాణం పోతుంది. ఆ చెడ్డ రోజునే కాగితం మీద అయిదేసి చొప్పున అయిదు సెట్లని రాసి ఉందనుకోండి, ప్రతి సెట్టూ కండ మొరాయించేదాకా లాగాల్సిందే. అలా ఫెయిల్యూర్ దాకా పోయిన సెట్టు అదనంగా ఇచ్చే బలం తక్కువ, మిగిల్చే అలుపు ఎక్కువ. తేరుకోవడానికి ఇంకో రోజు తింటుంది. పైగా చేతకాని ఆఖరి రెప్పు (సెట్టులో ఒక్కసారి తియ్యడాన్ని రెప్పు అంటారు) ఎలాగూ పైకి పోదు కాబట్టి, కిందికి నెమ్మదిగా దిగుతూ నెగటివ్స్ చేస్తాం. వాటి నొప్పి మర్నాటికి మొదలై ఎల్లుండికి ముదురుతుంది.

అంచేత ఈ రకం సాధనలో అసలు చిక్కు ఎంత చెయ్యాలన్నది కాదు, ఇవాళ ఎక్కడ ఆపాలన్నది. దానికి చాలామంది వాడే లెక్క ఒకటుంది: ఇంకో రెండు రెప్స్ తియ్యగలం అనిపించగానే దిగిపోవడం. మంచి లెక్కే. కానీ ఆ అనిపించడం మన మనసు చేతిలో ఉంది. ఆఫీసులో గొడవ పడి వచ్చిన సాయంత్రం నాకు ఎప్పుడూ ఇంకో నాలుగు తియ్యగలననే అనిపిస్తుంది.

రింగు దగ్గర ఆ ఆటలు సాగవు. కండరం అలిసేకొద్దీ లోపలి పోగులు వంతులు మారుతూ, పెద్ద పోగులు కూడా పనిలోకి దిగుతూ, బలం సాఫీగా కాకుండా ఎగుడుదిగుడుగా వస్తుంది. గోడకు బిగించిన రాడ్డు ఆ ఎగుడుదిగుళ్లను మింగేస్తుంది, మనకు తెలియనివ్వదు. వేలాడే రింగు ఒక్కదాన్నీ దాచదు. నేను చేసేది ఇంతే: ఒళ్లు వేడెక్కాక సపోర్ట్ హోల్డ్‌లో పది సెకన్లు నిలబడతాను, అరచేతులు కొంచెం ముందుకు తిప్పి. పట్టీలు స్థిరంగా ఉంటే అనుకున్న సెట్లన్నీ. ఆరేడు సెకన్ల తర్వాత అదిరితే ఒక సెట్టు తగ్గుతుంది. ఎక్కీ ఎక్కగానే వణికితే ఆ రోజు సగమే. డిప్స్, అంటే రింగుల మీద మోచేతులు వంచి దిగి మళ్లీ పైకి లేవడం, వాటి మధ్యలో కూడా అంతే, పైకొచ్చి చేతులు నిటారుగా లాక్ చేసేటప్పుడు రింగులు పక్కలకు పాకడం మొదలైతే సెట్టు అక్కడితో సరి. అప్పటికి ఇంకో రెండు తీసే ఓపిక ఉంటుంది, కానీ వాటితో నాకేం పనిలేదు.

ఇలా ఆపడం మొదలుపెట్టాక వారం మొత్తం మీద నేను తీసే డిప్స్ పెరిగాయి. ఒక్కో సెట్టు చిన్నదైంది, సెట్టుకూ సెట్టుకూ మధ్య మూడు నిమిషాలు పైనే కూర్చుంటున్నాను, అయినా మర్నాడు భుజాలు పట్టెయ్యవు కాబట్టి ఇంకో రోజు చెయ్యగలుగుతున్నాను.

ఆ కూర్చోవడమే మా మావయ్యకు గిట్టదు. ఆయనది విజయనగరం. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పెరిగిన ఊరు, తాలింఖానా (వ్యాయామశాల) కసరత్తు చూసిన మనిషి. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు కుర్చీ వేసుకుని నా సాధనంతా చూశాడు. "ఏట్రా ఇది, మూడు లాగి మూడు నిముషాలు గోడకేసి చూస్తావు? మేం వంద దండీలు తీస్తే గాని ఒళ్లు చెమట పట్టీది కాదు" అన్నాడు. ఆయన చెప్పింది ఆయన కసరత్తుకు సరైనదే. దండీలో కాళ్లు నేల మీదుంటాయి, చేతుల మీద పడేది ఒంటి బరువులో మూడింట రెండొంతులకు అటూ ఇటూ. వందసార్లు తియ్యగలిగే పనికి అలుపు వేరు, నాలుగుసార్లకే ఆగిపోయే పనికి అలుపు వేరు. ఇదంతా చెప్పబోయాను గానీ, ఆయన అప్పటికే నేల మీదికి దిగి దండీలు మొదలుపెట్టేశాడు. డెబ్బై దాటినాయన. నాకు మాట పెగల్లేదు.

వణుకును గుడ్డిగా నమ్మకూడదని కూడా నాలుగేళ్లలో తెలిసింది. చిక్కటి ఫిల్టర్ కాఫీ తాగి అరగంటలో రింగులెక్కితే చేతులు ఎలాగూ అదురుతాయి. అది అలుపు కాదు, కాఫీ. ఏకాదశి ఉపవాసం ఉన్న రోజూ అంతే. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకైతే మొదటి కొన్ని నెలలు ఈ పరీక్షే పనికిరాదు, ఎందుకంటే వాళ్లు అలసినా వణుకుతారు, అలవకపోయినా వణుకుతారు. మే నెలలో కరెంటు పోయి, రాత్రంతా విసనకర్రతో గడిపిన మర్నాడు మాత్రం ఇది తప్పు చెప్పిన గుర్తు లేదు.

ఇక మోచేయి సంగతి. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే.

మొదటి ఏడాది తిరిగాక, అడిగిన ప్రతివాళ్లకూ నేను ఒకే మాట చెప్పేవాణ్ణి: రాడ్డు చేతిని ఒకే కోణంలో కట్టేస్తుంది, రింగు చేతితోపాటు తిరుగుతుంది కాబట్టి మోచేతులకు హాయి అని. చాలామంది చెప్పే మాటే. నాకూ అప్పటిదాకా అలాగే ఉంది. మూడో ఏడు మజిలప్ కోసం ఫాల్స్ గ్రిప్ పట్టాను. అంటే మణికట్టును రింగు మీదికి మడిచి, ఆ మడతతోనే వేలాడటం. దాంతోపాటు ఫ్రంట్ లివర్, చేతులు వంచకుండా ఒంటిని నేలకు సమాంతరంగా నిలబెట్టేది, అయిదారు సెకన్ల చొప్పున. సపోర్ట్ హోల్డ్ రోజూ చూసుకుంటున్నాను. పట్టీలు బండలా కదలకుండా ఉన్నాయి. ఆ చలికాలమంతా నా జీవితంలో ఎప్పుడూ లేనంత బలంగా ఉన్నానన్న నమ్మకం.

ఒకరోజు పొద్దున స్నానం చేసి తడి తువ్వాలు పిండబోతే కుడి మోచేతి లోపలివైపు, ఎముక బుడిపె దగ్గర, సూది దిగినట్టయింది. పట్టించుకోలేదు, ఎందుకంటే సాయంత్రం రింగుల దగ్గర పది నిమిషాలు వేడెక్కేసరికి మాయమైంది. కండను ఎముకకు కట్టే తాడు లాంటి స్నాయువు నొప్పితో తంటా ఇదే. పని చేస్తున్నంతసేపూ కనబడదు, మర్నాడు పొద్దున వస్తుంది. కొన్ని వారాలకు ఇరవై లీటర్ల నీళ్ల టిన్ను ఎత్తి బోర్లించడం కష్టమైంది. ఆపైన కుక్కర్ మూత తియ్యడం. మా ఆవిడ ఊరగాయ జాడీ మూత తియ్యమని నాకివ్వడం మానేసి మా అమ్మాయికి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ దశలో కూడా సపోర్ట్ హోల్డ్ పది సెకన్లూ నిశ్చలమే!

ఫిజియోథెరపిస్టు వేలితో నొక్కి చూసి గోల్ఫర్స్ ఎల్బో అన్నారు. నేను గోల్ఫ్ కర్ర ముట్టుకున్నది లేదు. ఆమె చెప్పిన దాంట్లో నాకు కళ్లు తెరిపించిన మాట ఒకటి: కండ వారాల్లో బలపడుతుంది, దాన్ని ఎముకకు కట్టే స్నాయువుకు నెలలు పడుతుంది. ఈ రెండిటి మధ్య ఖాళీలోనే నొప్పి పుడుతుంది. రింగుల వణుకు చూపించేది భుజాలు, ఛాతీ, వాటిని నడిపే నరాలు ఎంత అలిశాయో. ముంజేతిని పట్టి ఉంచే ఆ వేలెడు తాడు ఎంత అరిగిందో దానికి తెలియదు. పైగా సపోర్ట్ హోల్డ్ తోసే పని, నా మోచేతిని తిన్నది లాగే పని. ఒకదాన్ని చూసి రెండోదాన్ని అంచనా కట్టడం కుదిరేది కాదు.

పూర్తిగా మానెయ్యమంటారేమోనని భయపడ్డాను. మానెయ్యొద్దు, ఫాల్స్ గ్రిప్ ఆపండి, లాగే సెట్లు సగానికి దించండి, చిన్న డంబెల్‌తో మణికట్టు వంపులు చాలా నెమ్మదిగా చెయ్యండి అన్నారు. మధ్యలో ఒకచోట నలభై సెకన్లు బిగపట్టి ఉంచడం కూడా. పదిలో మూడు దాటని నొప్పి పర్లేదు, మర్నాటికి పెరగకపోతే చాలు అన్నది కొలత. తగ్గడానికి వేసవి దాటి వానలు పడ్డాయి. చేతులు నిటారుగా పెట్టి చేసేవి ఆ కాలమంతా మానేశాను, పులప్స్ మాత్రం రింగులు కిందికి దించి, కాలి మడమలు నేల మీద పెట్టి చేసుకున్నాను. ఇందులో రింగుల గొప్పతనం ఒప్పుకోవాలి. రెండు గళ్లు కిందికి దించితే అదే పని సగం బరువుకు వస్తుంది. ప్లేట్లు తియ్యడానికి లేదని పైన వాపోయాను కదా, కొంతవరకు ఇదే ఆ ప్లేట్లు తియ్యడం. నాకది తెలిసింది దెబ్బ తగిలాకే.

ఇప్పుడు పద్ధతి మారింది. తోసే పనులకు వణుకే గురువు. లాగే పనులకు మాత్రం వణుకును అడగను. వారానికి ఇన్ని అని ముందే రాసుకుంటాను, ఎంత హుషారుగా ఉన్నా దాటను. పొద్దున తువ్వాలు పిండేటప్పుడు ఏమాత్రం చురుక్కుమన్నా ఆ వారం అందులో మూడోవంతు కొట్టేస్తాను. ప్రతి నాలుగో వారం సెట్లు ఎలాగూ సగమే. ఫాల్స్ గ్రిప్ మళ్లీ మొదలుపెట్టాను గానీ సెట్ల ముందు ఒకటి రెండుసార్లు, అంతే. మజిలప్ ఇప్పటికీ సాఫీగా రాదు. ఈ లెక్కన ఎప్పుడొస్తుందో నేను అడగడం మానేశాను.

వస్తువు మీద ఫిర్యాదులు కూడా చెప్పాలి. పట్టీల మీద అచ్చేసిన అంకెలు మొదటి ఏడాదిలోనే చెరిగిపోయాయి. రెండు వైపులా ఎత్తు సమానంగా పెట్టాలంటే అవే దిక్కు, లేకపోతే ఒక భుజం ఎక్కువ మోస్తుంది. మార్కర్‌తో గీసుకున్నాను. ఎడమ బకిల్ పళ్లు అరిగి, డిప్స్ మధ్యలో పట్టీ అర అంగుళం జారింది ఒకసారి. అదృష్టం, కాళ్లు నేలకు దగ్గర్లోనే ఉన్నాయి. అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే వారంటీ అయిపోయిందని రెండు లైన్ల జవాబు. ఊళ్లో తాళ్లు, టార్పాలిన్లు అమ్మే కొట్టులో లారీ సరుకు కట్టే పట్టీలు, బకిల్సు దొరికాయి, వాటి మీద రాసి ఉన్న బరువు చూసి తెచ్చుకున్నాను. కంపెనీ ఇచ్చినవాటికంటే గట్టిగా ఉన్నాయి. చెక్క మాత్రం బ్రహ్మాండం. చెమట పీల్చుకుంటుంది, నున్నబడితే గరుకు కాగితంతో ఓసారి రుద్దితే సరి. పట్టు జారకుండా చేతులకు రాసుకునే చాక్ పొడి హాలు నిండా పడుతుందన్న గొడవ వేరు, దాని మీద మా ఇంట్లో చర్చ ఇంకా ముగియలేదు.

కొనమంటానా? నేను నలభై దాటినవాణ్ణి, పగలంతా కంప్యూటర్ ముందు మౌస్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. నా మోచేయి చెడటంలో ఆ మౌస్ వాటా ఎంతో నాకు తెలియదు. పాతికేళ్ల కుర్రాడికి నా జాగ్రత్తలు చాదస్తం అనిపించవచ్చు. రాడ్డు మీద ఎనిమిది పులప్స్, నేల మీద పాతిక దండీలు నికరంగా రానివాళ్లు ఇంకో ఆర్నెల్లు ఆగితే డబ్బు దండగ కాదు. అద్దె ఇంట్లో ఉంటే శ్లాబుకు డ్రిల్లు పెట్టే ముందు ఓనర్‌తో మాట్లాడండి. ఫాల్స్ సీలింగ్‌కు మాత్రం దేన్నీ తగిలించకండి. రింగు మందం 28 మిల్లీమీటర్లా, 32 మిల్లీమీటర్లా అని తేల్చుకోలేనివాళ్లకు: నా చేతులు చిన్నవి, 28 తీసుకున్నాను. ఫాల్స్ గ్రిప్‌కు అదే నయమనిపించింది. పెద్ద చేతులున్న మా బావమరిది 32 వాడతాడు, అతనికి నావి సన్నగా ఉన్నాయట.