సిన్సినాటి నుంచి రిప్లీ దాకా: బానిసలు దాటిన నది ఒడ్డున రెండు రోజులు

అమ్మా నాన్నా అమెరికాలో మా దగ్గరికి, ఒహాయోలోని కొలంబస్ వచ్చిన ప్రతిసారీ నయాగరా, వాషింగ్టన్‌తోనే సరిపోతోంది, ఈసారి నాన్నే అడిగారు ఏదైనా చరిత్ర ఉన్న ఊరు చూపించరా అని. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైర్ అయ్యారు. "లింకన్ బానిసత్వాన్ని రద్దు చేశాడు అని ముప్పై ఏళ్ళు ఒక్క ముక్కలో చెప్పేసి పక్క పాఠంలోకి వెళ్ళిపోయాను, అంతకుముందు దాని కోసం కొట్లాడినవాళ్ళు ఎవరో చూడాలనుంది" అన్నారు. మాకు రెండు గంటల లోపే సిన్సినాటి, అక్కణ్ణుంచి ఇంకో గంట పైన డ్రైవ్ చేస్తే రిప్లీ. అలా కుదిరింది ఈ ట్రిప్.

వెళ్ళేముందు ఒక్క విషయం తెలిస్తే చాలు. ఒహాయో నదికి ఉత్తరం ఒడ్డున, అంటే సిన్సినాటి, రిప్లీ ఉన్న వైపు, 1787 చట్టం నుంచే బానిసత్వం నిషేధం, దక్షిణం ఒడ్డున కెంటకీ, అక్కడ మనుషుల్ని కొనడం అమ్మడం మామూలు వ్యాపారం. మధ్యలో ఉన్నది ఈ నీళ్ళే. పారిపోయి వచ్చేవాళ్ళని దాచి, తిండి పెట్టి, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరవేసిన మనుషుల గొలుసుకే అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అని పేరు, నిజం రైలేమీ కాదు.

మొదటి రోజు సిన్సినాటిలో ఫ్రీడమ్ సెంటర్, ఈ అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ కథ చెప్పే మ్యూజియం. 2004లో తెరిచారు, సరిగ్గా నది ఒడ్డునే ఉంటుంది. చాలా పెద్దది, అన్నీ చదువుకుంటూ తిరిగితే రోజంతా పడుతుంది, కానీ నేను చెప్పేది ఏంటంటే టైమ్ తక్కువుంటే నేరుగా స్లేవ్ పెన్, అంటే అమ్మేముందు బానిసల్ని బంధించి ఉంచిన కొట్టం, దగ్గరికి వెళ్ళిపోండి. అది నమూనా కాదు, అసలుదే. కెంటకీలో మేసన్ కౌంటీ పొలంలో పొగాకు బార్న్ లోపల మిగిలిపోయిన దుంగల కట్టడాన్ని విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు, 21 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు, రెండంతస్తులు. జాన్ ఆండర్సన్ అనే వ్యాపారి కెంటకీలో మనుషుల్ని కొని ఇందులో ఉంచి, కొంతమంది పోగయ్యాక మిసిసిపీలో నాచెజ్ సంతకి తోలుకెళ్ళేవాడు. లోపలికి వెళ్ళనిస్తారు. తలెత్తితే పైన దూలానికి ఇనుప రింగులు కనిపిస్తాయి, మగవాళ్ళని పైన ఉంచి ఆ రింగుల్లోంచి గొలుసు వేసి కట్టేసేవాళ్ళట. అమ్మ ఇంగ్లీషు బోర్డులు చదవలేదు, ఆ రింగుల వంక చూసి "పశువుల కొట్టంలో కూడా కాస్త కిందకి కిటికీ ఉంటుంది కదరా" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం హారియెట్ బీచర్ స్టో ఇల్లు చూశాం. ఆమె 1832 నుంచి 1850 దాకా ఈ ఊళ్ళోనే ఉంది, ఇక్కడ విన్నవీ కన్నవీ మనసులో పెట్టుకునే బానిసత్వానికి వ్యతిరేకంగా ‘అంకుల్ టామ్స్ కేబిన్’ నవల రాసింది. గంట చాలు.

రాత్రి స్టే మాత్రం నాకు నచ్చలేదు. డౌన్‌టౌన్‌లో ఒక హోటల్, రూమ్ బాగానే ఉంది కానీ పార్కింగ్ ఛార్జీ బుకింగ్‌లో ఎక్కడా కనపడలేదు, పొద్దున్న బిల్లులో చూస్తే ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే అడిగి రాయించుకోండి.

రెండో రోజు యూఎస్ 52 మీద నది పక్కనే వెళ్ళాం, దారి చాలా బాగుంది. రిప్లీలో కొండ మీద జాన్ రాంకిన్ ఇల్లు. ఆయన ప్రెస్బిటేరియన్ పాస్టర్, 1822లో ఈ ఊరొచ్చాడు. వర్జీనియాలో ఉన్న తమ్ముడు బానిసల్ని కొన్నాడని తెలిసి, అది తప్పని అతనికి ఊరి పేపర్లో వరసగా ఉత్తరాలు రాశాడు, అవి 1826లో పుస్తకంగా వచ్చాయి, చివరికి ఆ తమ్ముడు బానిసల్ని వదిలేశాడు. పదముగ్గురు పిల్లల్ని పెంచిన ఇల్లు ఇంతేనా అనిపిస్తుంది, ఇరుకు గదులు. అందులోనే దాదాపు 2,000 మందికి ఆశ్రయం ఇచ్చారని చెప్తారు. రాత్రి కిటికీలో పెట్టిన దీపం అవతల ఒడ్డుకి కనిపించేది, ఆ వెలుగు పట్టుకుని నది దాటి వంద మెట్లెక్కి వచ్చేవాళ్ళు. 1838 చలికాలంలో ఒక తల్లి చంకలో బిడ్డతో, విరిగిపోతున్న మంచు గడ్డల మీద నది దాటి ఈ ఇంటికే వచ్చింది, స్టో పుస్తకంలో ఎలైజా ఆవిడే.

మెట్లు నేనొక్కణ్ణే ఎక్కాను, అమ్మా నాన్నా కారులో పైకొచ్చారు, రోడ్డు ఇంటి దాకా ఉంది కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు భయపడక్కర్లేదు. పైనుంచి చూస్తే కెంటకీ చెట్లు కూడా విడివిడిగా కనిపిస్తాయి, అంత దగ్గర. డ్యాములు కట్టకముందు నది ఇంకా సన్నగా ఉండేదట.

కానీ నన్ను బాగా కదిలించింది కింద ఫ్రంట్ స్ట్రీట్‌లో ఉన్న జాన్ పార్కర్ ఇల్లు. జనం రాంకిన్ ఇల్లు చూసి వెనక్కి తిరిగేస్తున్నారు, దయచేసి అలా చేయకండి. పార్కర్ తనే బానిసగా పుట్టాడు, 1827లో, నార్ఫోక్‌లో. ఎనిమిదేళ్ళకే తల్లి దగ్గర్నుంచి తీసేసి అమ్మేశారు, సంకెళ్ళతో నడిపించారు. అలబామాలో ఇనుప పోత పని నేర్చుకుని, 1845లో 1,800 డాలర్లకి, తన కూలి డబ్బుల్లోంచి వాయిదాల్లో కట్టి తనని తనే కొనుక్కున్నాడు. తర్వాత రిప్లీలో సొంత ఫౌండ్రీ పెట్టాడు, పేటెంట్లు కూడా తీసుకున్నాడు. పగలు ఫౌండ్రీ, రాత్రి పడవ. అవతలకి వెళ్ళి మరీ వందల మందిని తెచ్చాడు. ఒకసారి ఒక జంట పారిపోకుండా యజమాని వాళ్ళ పసిబిడ్డని తన మంచం కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకున్నాడు, పక్కనే పిస్టల్. పార్కర్ చీకట్లో ఆ గదిలోకి పాకి వెళ్ళి బిడ్డని ఎత్తుకొచ్చేశాడు.

చిన్న మ్యూజియం, వాలంటీర్లే నడుపుతారు, మాకు చూపించిన పెద్దావిడ ఎన్ని ప్రశ్నలడిగినా విసుక్కోలేదు. 1850 ఫ్యూజిటివ్ స్లేవ్ చట్టం గురించి ఆవిడ చెప్తేనే నాన్నకి తెలిసింది, పారిపోయిన బానిస బానిసత్వం లేని రాష్ట్రంలో దొరికినా పట్టి యజమానికి ఇచ్చెయ్యాలనే చట్టం అది. సాయం చేసినవాళ్ళకి 1,000 డాలర్ల దాకా ఫైను, ఆరు నెలల దాకా జైలు. ఆ కేసులు తేల్చే కమిషనర్ పట్టుబడ్డ మనిషిని యజమానికి అప్పగిస్తే ఆయనకి 10 డాలర్లు ఫీజు, వదిలేస్తే 5. నాన్న ఆ అంకెలు జేబు నోట్‌బుక్‌లో రాసుకున్నారు. అంటే ఈ ఒడ్డు చేరినా అయిపోయినట్టు కాదు, కెనడా దాకా పోవాల్సిందే.

రెండిళ్ళూ చలికాలంలో మూసేస్తారు, మిగతా రోజుల్లో కూడా ముందు ఫోన్ చేసే వెళ్ళండి. రిప్లీలో వెజిటేరియన్ తిండి దొరకడం కష్టం, అమ్మ చేసిన పులిహోరే మాకు దిక్కయింది, నది గట్టు మీద కూర్చుని తిన్నాం.

ఆ రాత్రికి బ్రిడ్జి దాటి కెంటకీ వైపు మేస్‌విల్‌లో ఒక పాత ఇంట్లో బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ తీసుకున్నాం, సిన్సినాటి హోటల్ కంటే తక్కువ, పార్కింగ్ ఫ్రీ, ఓనరమ్మ అమ్మ కోసం గుడ్డు లేకుండా టిఫిన్ చేసిచ్చింది. మళ్ళీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే ఉంటాను.

భోంచేశాక నాన్న, అవతల ఒడ్డు నుంచి చూసింది చాలు, వాళ్ళు నిలబడ్డ చోటు నుంచి చూద్దాం పద అన్నారు. కెంటకీ 8 రోడ్డు మీద రిప్లీ ఎదురుగా వచ్చి కారు పక్కకి ఆపాం. చీకటి పడిపోయింది, నీళ్ళు నల్లగా ఉన్నాయి, అవతల ఊరి లైట్లు కనిపిస్తున్నాయి, కొండ మీద ఇల్లు ఎక్కడుందో పొద్దున్న చూసొచ్చాం కాబట్టి వేలు పెట్టి చూపించగలిగాను. మీరు మాత్రం ముందు ఇక్కడికి రండి, ఆ తర్వాత రిప్లీ వెళ్ళండి.