5 వోల్టుల సింగిల్ సప్లై మీద ఓపీఏ354, వాడి చూసి రాస్తున్నా

మైనస్ రైల్ (నెగెటివ్ సప్లై లైన్) లేకుండా యూఎస్‌బీ 5 వోల్టులతోనే 10 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని రెండింతలు చేసి ఏడీసీకి (సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్‌కి) ఇవ్వాలి, దానికి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ ఓపీఏ354 అనే ఆప్ యాంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్) పనికొస్తుందా అంటే, బ్రహ్మాండంగా పనికొస్తుంది, నాకైతే చాలా నచ్చింది. మామూలు ఆప్ యాంప్ ఎల్‌ఎం358తో అయ్యే పని కాదిది, దాని స్లూ రేట్ (అవుట్‌పుట్ మారగలిగే గరిష్ఠ వేగం) మైక్రోసెకనుకి 0.3 వోల్టే, 2 వోల్టుల పీక్ టు పీక్ సైన్ వేవ్ ఇస్తే 50 కిలోహెర్ట్జ్ కూడా రాకముందే త్రికోణంలా అయిపోతుంది. దీనిది 150.

డేటాషీట్ మొదటి పేజీలో కనిపించే 250 మెగాహెర్ట్జ్ మాత్రం చూసి కొనకండి. అది గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందో) ఒకటికి, అదీ చిన్న సిగ్నల్‌కి. గెయిన్ బ్యాండ్‌విడ్త్ (గెయిన్‌ని ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వచ్చేది) 100 మెగాహెర్ట్జ్, ఇక 2 వోల్టుల స్వింగ్ కావాలంటే స్లూ రేట్ లెక్కన 24 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. మన 10కి అది చాలు.

అసలు కథంతా చుట్టూ పెట్టే పార్టుల్లోనే ఉంది. ఫీడ్‌బ్యాక్‌కి (అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌కి తిరిగి ఇచ్చే దారికి) అలవాటు ప్రకారం రెండు 10కే (10 కిలో ఓమ్) రెసిస్టర్లు పెట్టి స్క్వేర్ వేవ్ ఇస్తే ఎడ్జ్ పైకి ఎగిరి నాలుగైదు సార్లు ఊగి అప్పుడు సెటిల్ అయింది, అవి తీసి రెండూ 600 ఓమ్స్ పెట్టగానే అదే ఎడ్జ్ శుభ్రంగా వచ్చింది. కారణం ఏంటంటే ఇన్వర్టింగ్ పిన్ దగ్గర 3 పీకోఫారడ్ ఉందనుకున్నా 10కే జత వల్ల 10 మెగాహెర్ట్జ్ దగ్గరే ఒక పోల్ (ఫీడ్‌బ్యాక్ ఆలస్యం కావడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) వచ్చి కూర్చుంటుంది, 600తో అది 170 దాటి వెళ్ళిపోతుంది. ఆ పిన్ కింద గ్రౌండ్ ప్లేన్ (బోర్డులో గ్రౌండ్‌కి కలిపిన రాగి పొర) కూడా కొంచెం కట్ చేయండి. ఇంకోటి, స్కోప్‌లో చూసేటప్పుడు ప్రోబ్‌కి ఉండే పొడుగు గ్రౌండ్ వైర్ వాడొద్దు, చిన్న స్ప్రింగ్ పెట్టండి, లేకపోతే ఆ వైర్ రింగింగ్‌ని (ఊగడాన్ని) చిప్ రింగింగ్ అనుకుని బోర్డంతా మార్చేస్తారు.

ఇక బయాస్ సంగతి, అంటే సిగ్నల్‌ని సప్లై మధ్యలో నిలబెట్టే వోల్టేజ్. రెండు 10కేలతో 2.5 వోల్టులు తీసి నేరుగా ప్లస్ ఇన్‌పుట్‌కి ఇచ్చే సర్క్యూట్లు చాలా కనిపిస్తాయి, దయచేసి అలా చేయకండి, సప్లైలో ఉన్న నాయిస్ సగం ఇన్‌పుట్‌లోకి వచ్చేస్తుంది, గెయిన్ రెండు కాబట్టి అవుట్‌పుట్‌లో మొత్తం కనిపిస్తుంది. ఆ రెండు రెసిస్టర్ల మధ్య నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, పక్కన 0.1 పెట్టి, అక్కడి నుంచి ఇంకో 10కే ద్వారా ఇన్‌పుట్‌కి ఇవ్వండి. కింద గ్రౌండ్‌కి వెళ్ళే 600 ఓమ్స్‌కి సీరీస్‌లో కూడా ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి, అది లేకపోతే 2.5 కూడా రెండింతలై అవుట్‌పుట్ పై రైల్‌కి అతుక్కుపోతుంది.

నచ్చనివి కూడా చెప్పాలి. రైల్ టు రైల్ (సప్లై అంచుల దాకా వెళ్తుంది) అన్నారు గానీ కిలో ఓమ్ లోడ్‌కి రెండు మూడొందల మిల్లీవోల్టులు వదిలేయాల్సిందే. ఇన్‌పుట్‌లో రెండు ట్రాన్సిస్టర్ జతలు ఉంటాయి, పై రైల్‌కి 1.2 వోల్టుల కింద, అంటే 5 వోల్టులకి 3.8 దగ్గర, ఒకదాని నుంచి ఇంకోదానికి మారతాయి, ఆఫ్‌సెట్ (ఇన్‌పుట్‌లో ఉండే చిన్న డీసీ తేడా) అక్కడ కదులుతుంది. పెద్ద స్వింగ్‌తో బఫర్‌గా (గెయిన్ ఒకటితో) వాడితే ఆ డిస్టార్షన్ తగులుతుంది, ఇన్వర్టింగ్‌గా కడితే ఇన్‌పుట్ 2.5 దగ్గరే నిలబడి ఉంటుంది కాబట్టి గొడవే లేదు. ఆఫ్‌సెట్ 8 మిల్లీవోల్టుల దాకా పోవచ్చు, డీసీ కొలతలకి ఇది వద్దు.

ప్యాకేజీ ఎస్‌ఓటీ23, ఐదు కాళ్ళు, బ్రెడ్‌బోర్డ్ మీద ఆశ పెట్టుకోకండి. బ్రెడ్‌బోర్డ్‌లో గుచ్చగలిగే డిప్ ప్యాకేజీలోనే కావాలంటే అనలాగ్ డివైసెస్ ఏడీ8031 చూడండి, 80 మెగాహెర్ట్జ్, కరెంట్ కూడా మిల్లీ యాంప్ లోపే, కాకపోతే స్లూ రేట్ బాగా తక్కువ. కోఠిలో అడిగితే 358, 741 చేతిలో పెడతారు గానీ ఇది దొరకడం కష్టం, పేరున్న డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోండి. రెండు ఛానెళ్ళు కావాలంటే ఓపీఏ2354 ఉంది.