మేనేజ్డ్ స్విచ్‌లో లింక్ అగ్రిగేషన్: చాలాకాలం వాడిన మీదట

ఒక మేనేజ్డ్ స్విచ్‌లో (అమరికలు మార్చుకోగల నెట్‌వర్క్ స్విచ్) నాలుగు గిగాబిట్ పోర్టులను ఒక గ్రూపుగా కలిపి స్టోరేజి సర్వర్‌కు, మరో రెండింటిని కలిపి పై అంతస్తులోని స్విచ్‌కు ఇచ్చి చాలాకాలంగా వాడుతున్నాను. పలు కేబుళ్ళను ఒకే లింకుగా వాడుకునే ఈ లింక్ అగ్రిగేషన్ సదుపాయాన్ని కేవలం వేగం కోసం ఎంచుకునేవారికి ముందే ఒక మాట చెప్పాలి. నాలుగు లింకులు కలిపినంత మాత్రాన ఒక ఫైలు కాపీ నాలుగు గిగాబిట్ల వేగంతో సాగదు. ఒకే కనెక్షన్‌కు చెందిన ఫ్రేములు (డేటా ముక్కలు) వరుస తప్పకుండా చేరాలి కనుక స్విచ్ వాటన్నిటినీ ఒకే కేబుల్ మీద పంపుతుంది. పలువురు ఒకేసారి సర్వర్‌ను వాడుతున్నప్పుడే అసలు ప్రయోజనం కనిపిస్తుంది.

ఏ ట్రాఫిక్ ఏ కేబుల్ మీద పోవాలో తేల్చేది హ్యాష్ అమరిక, అంటే ఫ్రేములోని అడ్రసుల వంటి వివరాలతో లెక్కకట్టి కేబుల్‌ను ఎంచుకునే పద్ధతి. నా దృష్టిలో అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసింది దీని మీదే. నా స్విచ్‌లో కంపెనీ ఇచ్చిన అమరిక మ్యాక్ అడ్రసులను (పరికరాల హార్డ్‌వేర్ చిరునామాలు) మాత్రమే చూసేది. సర్వర్ నుంచి పై అంతస్తు స్విచ్ మీదుగా రౌటర్‌కు పోయే ఫ్రేములన్నిటికీ, అవతల ఎందరున్నా, గమ్యంగా ఉండేది రౌటర్ మ్యాక్ అడ్రసు ఒక్కటే కాబట్టి, ఆ ట్రాఫిక్ అంతా ఒకే కేబుల్ మీద పడి రెండోది దాదాపు ఖాళీగా ఉండేది. ఐపీ అడ్రసులతో పాటు టీసీపీ, యూడీపీ పోర్టు నంబర్లను (ఇవి స్విచ్ పోర్టులు కావు, కనెక్షన్లను వేరుచేసి గుర్తించే నంబర్లు) కూడా లెక్కలోకి తీసుకునే ఎంపికకు మార్చాక పంపకం బాగా మెరుగుపడింది. అయితే ఇది స్విచ్ నుంచి బయటికి వెళ్ళే దిశకే వర్తిస్తుంది. సర్వర్ పంపే ట్రాఫిక్ సంగతి సర్వరే చూసుకుంటుంది కనుక, సర్వర్‌లోని లైనక్స్ బాండింగ్‌లో (పోర్టులను కలిపే లైనక్స్ సదుపాయం) ఆ అమరికను విడిగా మార్చాలి.

అవతలి పరికరంతో సంప్రదింపు లేకుండా చేత్తో కట్టే స్టాటిక్ గ్రూపా, పరికరాలు సందేశాలతో గ్రూపును నిర్వహించుకునే ఎల్ఏసీపీనా అన్న ప్రశ్నకు నా సమాధానం ఎల్ఏసీపీయే. 2000లో 802.3ఏడీగా వచ్చి, 2008లో 802.1ఏఎక్స్‌కు మారిన ఈ ప్రమాణంలో రెండు పరికరాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. మధ్యలో మీడియా కన్వర్టర్ (ఒక రకం కేబుల్ సిగ్నల్‌ను మరో రకానికి మార్చే పరికరం) ఉన్నచోట అవతలి కేబుల్ తెగినా ఇవతలి పోర్టు దీపం వెలుగుతూనే ఉండవచ్చు. స్టాటిక్ గ్రూపు ఆ దారిలోకి ఫ్రేములను పంపుతూనే ఉంటుంది, ఎల్ఏసీపీ మాత్రం గుర్తించి ఆ లింకును తప్పిస్తుంది. ఎల్ఏసీపీలోని స్లో టైమర్ అమరికతో ఇందుకు 90 సెకన్లు పట్టవచ్చు, ఫాస్ట్‌తో 3 సెకన్లు చాలు. రెండు వైపులా పాసివ్ (తానుగా సందేశాలు మొదలుపెట్టని స్థితి) పెడితే గ్రూపు ఏర్పడనే ఏర్పడదు, కనీసం ఒక వైపైనా యాక్టివ్ ఉండాలి.

గ్రూపును రెండు వైపులా తయారుచేసిన తరువాతే అదనపు కేబుళ్ళు తగిలించడం క్షేమం. లేకపోతే, స్పానింగ్ ట్రీ (లూప్‌లను అడ్డుకునే సదుపాయం) ఆపి ఉన్న స్విచ్‌ల మధ్య లూప్ ఏర్పడి ఫ్రేములు అంతులేకుండా తిరుగుతాయి. వీల్యాన్‌లను (ఒకే స్విచ్‌లో విడదీసిన వేర్వేరు నెట్‌వర్క్‌లు) విడి పోర్టులకు కాక గ్రూపుకే ఇవ్వాలి.

నాకు నచ్చనిది స్విచ్ అమరికలు చూపే వెబ్ పేజీ. గ్రూపు మొత్తం ట్రాఫిక్‌ను ఒకే అంకెగా చూపుతుంది గానీ ఏ కేబుల్ ఎంత మోస్తోందో చెప్పదు. అందుకని హ్యాష్ మార్చిన ప్రతిసారీ కమాండ్ లైన్‌లోకి వెళ్ళి ఒక్కొక్క పోర్టు కౌంటర్లను పోల్చి చూస్తున్నాను.