మూడు రోజుల ట్రైనింగ్‌లో రెండో రోజుకే నా మార్కులన్నీ

పోయిన నెల హైదరాబాద్‌లో ఒక సంస్థ పెట్టిన ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాను. కుటుంబాలతో పనిచేసే సోషల్ వర్కర్లకి ఇంటికెళ్లి ఎలా మాట్లాడాలి, ఇంటి పరిస్థితి ఎలా అంచనా వెయ్యాలి అన్నదే విషయం. ఫీజు 3,000. మధ్యాహ్నం భోజనం వాళ్లదే, బస మాత్రం మనం చూసుకోవాలి. సంస్థ పేరు రాయట్లేదు, కింద కొంచెం తిట్టాను కాబట్టి.

నేను పాలమూరు వైపు పిల్లల సంరక్షణ పనిలో ఏడేళ్లుగా ఉన్నాను. నాకు కొత్తగా ఏం చెప్తారులే అనుకుంటూనే వెళ్లాను. మొదటి రోజు అలాగే గడిచింది, బెలూన్ల ఆట, ఇంగ్లీష్ స్లైడ్లు, ఎంపతీ అనే మాట ఓ వందసార్లు. వదిలేద్దాం.

రెండో రోజు మాత్రం నా గాలి తీసేశారు. ఒక పెద్దావిడ వచ్చారు, ఎన్నో ఏళ్లు ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేసి రిటైరయ్యారట. ఆవిడ అవ్వలాగా కూర్చుని, నన్ను హోమ్ విజిట్‌కి వచ్చినట్టు మాట్లాడమన్నారు. మా దగ్గర మామూలు కేసే, అమ్మానాన్న పుణె వలస పోయారు, పిల్లాడు అవ్వ దగ్గర ఉన్నాడు, బడి మానేశాడు. నేను కూర్చోగానే "బడికి ఎందుకు పంపుతలేవు అవ్వా?" అన్నాను. ఆవిడ తల వంచుకుని "ఏం జెయ్యాలె బిడ్డా" అని ఊరుకున్నారు, ఆ తర్వాత నేనేం అడిగినా అదే జవాబు. అచ్చం మా ఊళ్లలో జరిగేదే! 'ఎందుకు' అనేది మనకి ప్రశ్న, వాళ్ల చెవికి 'తప్పు నీదే' అని వినపడుతుంది అన్నారావిడ. దాని బదులు పొద్దున లేచినప్పటి నుంచి ఇంట్లో ఏమేం జరుగుతుందో చెప్పమని అడగండి, పొయ్యి ఎవరు ముట్టిస్తారు, పిల్లాణ్ని ఎవరు లేపుతారు, బడి గంట కొట్టేసరికి ఎవరెక్కడ ఉంటారు, మీకు కావలసినవన్నీ అందులోనే వస్తాయి అన్నారు. ఏడేళ్లలో ఎన్ని ఇళ్లలో ఎందుకు ఎందుకు అని అడిగానో తల్చుకుంటే సిగ్గేసింది.

ఫారం 22, అంటే పిల్లాడి ఇంటి పరిస్థితి మీద మనం రాసే విచారణ నివేదిక, దాని గురించి కూడా బాగా చెప్పారు. బాల న్యాయ చట్టం ప్రకారం సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తవ్వాలి కదా, ఆ టెన్షన్‌లో మనం ఫారం ఒళ్లో పెట్టుకుని గడి తర్వాత గడి నింపుకుంటూ పోతాం, జనాభా లెక్కలకి వచ్చినట్టు. ముందు మాట్లాడండి, ఫారం తర్వాత తియ్యండి అన్నారు.

వంశవృక్షంలాంటి బొమ్మ, అదే జీనోగ్రామ్, కాగితం మీద గీయించారు. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి వృత్తం, మేనరికమైతే రెండు గీతలు. మా గ్రూపులో ఒక అమ్మాయి తన కేసు గీస్తే, మేనమామని చేసుకున్న కోడలికి అత్తగారే సొంత అమ్మమ్మ అని తేలింది. అత్త కొడుతోందని ఆ పిల్ల పుట్టింటికొచ్చి ఎవరికి చెప్పుకోవాలి, వాళ్లమ్మ కూడా ఆ అత్తకి కూతురే కదా. రాసుకుంటే పేజీ పట్టేది, బొమ్మలో ఒక్క చూపులో కనిపించింది.

ఇంకొకటి, సున్నా నుంచి పది దాకా ఎంత బాగుందో చెప్పమని అడిగే పద్ధతి. ఇది అమెరికాలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ చేసిన పని నుంచి వచ్చిందట. మా అవ్వలకి పది మార్కులు ఎక్కవు, అందుకని తిరిగొచ్చాక ఒక ఇంట్లో "రూపాయిలో ఎన్నణాలు బాగున్నది అవ్వా?" అని అడిగాను. "ఆరణాలు బిడ్డా" అంది. నాలుగు ఎందుకు కాలేదు అనబోయి, మళ్లీ 'ఎందుకు' వచ్చేస్తోందని నాలుక కరుచుకుని, ఆ ఆరణాలల్ల ఏమేం ఉన్నయి అన్నాను. పిలగాడు రాత్రి తన పక్కనే పండుకుంటడని, కాళ్లు పిసుకుతడని చెప్పింది. ఇది ఏ ఫారంలో ఏ గడిలో రాయాలో తెలీదు కానీ రిపోర్టులో రాశాను.

ఇక తిట్లు. మూడో రోజు పిల్లల మీద లైంగిక వేధింపుల విషయాన్ని భోజనం తర్వాత గంటన్నరలో చుట్టేశారు, సగం మంది నిద్రలో ఉన్నారు. పిల్లకి 'ఎవరికీ చెప్పను' అని ముందే మాటివ్వకూడదు, పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చెయ్యాల్సిందే, కాబట్టి ఆ మాట నిలబెట్టుకోలేం. ఇంత ముఖ్యమైనది ఒక్క స్లైడ్! విడిగా గదిలో మాట్లాడండి అని ఇంకో స్లైడ్. ఒంటిగది ఇంట్లో, అరుగు మీద పక్కింటివాళ్లు నలుగురు చేరితే ఏ గదికి పోవాలి? అడిగితే నవ్వేశారు. నేనైతే బోరింగు దాకా నీళ్లకి తోడెళ్తా, దార్లో మాట్లాడతా.

డబ్బు సంగతి అసలెత్తలేదు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద పిల్లాడికి నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ ఉందని తెలిసిన ఇంట్లో, ఆ డబ్బు రాదేమోనని సాయం చేసే బాబాయి పేరు దాచేస్తారు. పథకం సంగతి తెలియని ఇంట్లో మనల్ని పిల్లాణ్ని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లనుకుంటారు. రెండు ఇళ్లలో ఒకేలా అడిగితే పనవుతుందా?

నోట్సంతా ఇంగ్లీష్‌లోనే. సర్టిఫికెట్ మీద నా పేరు తప్పు రాశారు, ఇంకా మార్చివ్వలేదు.

ఐదుకి మూడున్నర ఇస్తా. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు వెళ్లండి. ఫీజు కట్టేముందు ఫోన్ చేసి రెండో రోజు ఆ పెద్దావిడే వస్తున్నారా అని మాత్రం కనుక్కోండి.