క్రాకెన్ ఎస్‌డీఆర్: దిక్కు చెప్తది, అల నిలువో అడ్డమో చెప్పదు

రేడియో సిగ్నల్ ఎటునుంచి వస్తందో కనిపెట్టే ఈ పెట్టె కొని మూడు నెలలైంది, వాడకమంతా నెల్లూరులో మా డాబా మీదే. ఒకే పెట్టెలో ఐదు రిసీవర్లు, అన్నిటికీ ఒకటే క్లాకు, 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ దాకా వింటది. ఒకే సిగ్నల్ ఐదు యాంటెన్నాలకి కాస్త ముందూ వెనకా తగుల్తది గదా, ఆ ఫేజ్ తేడాలు (అల ఎత్తుపల్లాల్లో ముందూ వెనకా) పట్టుకోని మ్యూజిక్ అనే లెక్క (పాటల మ్యూజిక్ కాదబ్బా, 1986లో ష్మిట్ పేపర్లో ఉండేది) అది ఎటునుంచి వస్తందో తేలుస్తది.

నేను పట్టాలనుకున్న 145 మెగాహెర్ట్జ్‌కి అల పొడుగు రెండు మీటర్ల పైనే, పక్కపక్క యాంటెన్నాల మధ్య దూరం అందులో సగం దాటకూడదు, అందుకని పీవీసీ పైపులు కోసి 70 సెంటీమీటర్ల రేడియస్‌తో రింగు కట్టా. మొదట్రోజు అన్నీ తప్పు దిక్కులే. పెట్టెని బాగా తిట్టుకున్నా గానీ తప్పు నాదే, ఒక కేబుల్ పది సెంటీమీటర్లు పొడుగు కోసుండా. లోపలుండే నాయిస్ సోర్స్ (పరీక్ష సిగ్నల్ పుట్టించేది) రిసీవర్లని సరిచేస్తది గానీ బయటి కేబుళ్ల సంగతి దానికేం తెలుసు, మామూలు కోయాక్స్ యాంటెన్నా కేబుల్లో ఆ కాస్తకే 26 డిగ్రీల ఫేజ్ పోతది.

అది సరిచేసి, హామ్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునే వాళ్ల) లైసెన్సుండే మా బావని కోవూరు పంపించి హ్యాండ్‌సెట్ నొక్కమన్నా. పెన్నకవతల, మాకు దాదాపు నేరుగా ఉత్తరం. స్క్రీన్ మీద 4 డిగ్రీలు (సరిగ్గా ఉత్తరమంటే సున్నా)! బలే అనిపించింది. ఊరుకోకుండా సెట్టుని అడ్డంగా పడుకోబెట్టి మాట్లాడు బావా అన్నా. సిగ్నల్ దబ్బున పడిపోయి దిక్కు పడమటున్న వాటర్ ట్యాంకు కాడికి పోయింది. "నేను కోవూరులోనే ఉండా బావా, నీ పెట్టే యాడికో పోయింది" అన్నాడు.

నా యాంటెన్నాలన్నీ నిలువు, అడ్డంగా వచ్చే అల వాటికి సరిగా అందదు, ట్యాంకుకి తగిలి తిరిగొచ్చిందే గట్టిగా వినబడినట్టుంది. పోలరైజేషన్ (అల నిలువో అడ్డమో) కూడా కావాలంటే ఒక్కోచోట నిలువొకటి అడ్డమొకటి, రెండేసి యాంటెన్నాలు పెట్టాల, ఐదు ఛానెళ్లతో అట్టాంటి చోట్లు రెండే వస్తయి, దాంతో రింగెక్కడ కడతాం. మూడు డైపోళ్లు (కడ్డీ యాంటెన్నాలు) మూడు లూపులు (చుట్టు యాంటెన్నాలు) ఒక్కచోటే పెట్టి దిక్కూ పోలరైజేషనూ రెండూ తీసే వెక్టర్ సెన్సర్ ఉంది, దానికి ఛానెళ్లు ఆరు. మనకాడుండేది ఐదు, చూడండి ఖర్మ.

దిక్కు వరకైతే ఐదుకి నాలుగు స్టార్లు. కొంటే దీనికీ, దీంతో వాడే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పైకీ వేరేవేరే చార్జర్లు పెట్టుకోండి, ఇంట్లో పడుండే పాత ఫోన్ చార్జర్ మాత్రం పెట్టబాకండి.