టెన్షన్ తగ్గాలంటే ఏది మేలు: నడకా, మాటా, మాత్రా?

రొయ్య రేటు పడిపోయినా, వేలానికి తోలిన పొగాకు బేళ్లు కొనేవాడు లేక వెనక్కి వచ్చినా, తుపాను రెండ్రోజుల్లో తీరం దాటుతుందని టీవీలో చెప్తున్నా, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒకరికొకరు ఇచ్చుకునే సలహా ఒకటే: "టెన్షన్ పెట్టుకోమాకన్నా." పెట్టుకోకుండా ఎట్లా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. అడిగితే ఒకరు నడవమంటారు, ఒకరు గుడికి పొమ్మంటారు, ఇంకొకరు రాత్రికి ఒక క్వార్టర్ వేసుకుంటే అన్నీ సర్దుకుంటాయంటారు. వీటిలో ఏది ఎవరికి, ఎప్పుడు పనికొస్తుందో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు ఒకటి తేల్చుకోవాలి. మీ దిగులుకు ఒక మొత్తం, ఒక తారీఖు ఉన్నాయా, లేవా? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు రొయ్యల రైతులకు పట్టుకున్నది మొదటి రకం. మేత షాపులో బాకీ ఇంత, చెరువు లీజు ఫలానా నెలలో కట్టాలి, రొయ్యలు పట్టి అమ్మడానికి ఇంకా ఇన్ని రోజులుంది. ఇలాంటి దిగులుకు ధ్యానం, ప్రాణాయామం చేస్తే ఆ కాసేపు తేలిగ్గా ఉంటుంది కానీ, రాత్రి రెండింటికి చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ ఆగిందేమోనని మెలకువ వచ్చిందంటే లెక్క మళ్లీ మొదటి నుంచి తిరగడం మొదలవుతుంది. అక్కడ కాగితం, పెన్నే మేలు. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరు ఆగుతారు, ఎవరు ఆగరు అని రాసి, దాన్ని ఇంకో మనిషికి చూపించాలి, వీలైతే ఇంట్లోవాళ్లకే. భార్యకు తెలియకుండా చేసిన అప్పుకు రెండు బరువులుంటాయి, ఒకటి తీర్చడం, ఇంకోటి దాచడం. రెండోది ఈ రాత్రికే దించుకోవచ్చు, గొడవ అవుతుంది, అయినా సరే.

రెండో రకానికి అంకెలుండవు. 2021 నవంబరులో పెన్నా వరద ఇళ్లలోకి రావడం చూసినవాళ్లలో రాత్రిపూట వాన మొదలైతే ఇప్పటికీ నిద్రపోలేనివాళ్లున్నారు. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటలు పడతాయి, వాన మామూలు వానేనని బుర్రకు తెలిసినా ఒంటికి తెలియదు. దీనికి కాగితం అక్కరకు రాదు, ఒంటికే చెప్పాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలడం, ఇలా ఐదు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. డబ్బు ఖర్చు లేదు, పక్కనున్న వాళ్లకు తెలియను కూడా తెలియదు.

మరి నడక? వారానికి కనీసం 150 నిమిషాల పాటు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అది మనసుకు కూడా మంచిదే. "మేం పొద్దస్తమానం గట్ల మీద తిరుగుతూనే ఉంటాంగా" అంటారు చెరువులవాళ్లు. తిరుగుతారు, నిజమే, కానీ కళ్లు రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే మీద, మనసు రొయ్యలకొచ్చే వైరస్ మీద ఉంటాయి, కాళ్లకు పని తప్ప మనసుకు విరామం లేదు. అరగంటైనా చెరువు కనపడని చోటికి, కొత్తపట్నం తీరానికో, మైపాడుకో, ఏదీ కుదరకపోతే ఊరి స్కూలు గ్రౌండుకో పోవడం మేలు. తోడు ఇంకొకరుంటే ఇంకా మేలు, ఎందుకంటే మగవాళ్లు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని సంగతులు పక్కపక్కన నడుస్తూ చెప్తారు.

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. తెల్లారుజామున లేచి వంట, పిల్లలు, పొలం, అత్తమామల మందులు చూసుకునే ఆడమనిషికి "పొద్దున్నే వాకింగ్ చెయ్యమ్మా" అని చెప్పడం సలహా కాదు, ఆమె మీద ఇంకో పని వేయడం. ఆ అరగంట వంటింటి పని ఇంకొకరు అందుకోవాలి. నన్నడిగితే ఆమె విషయంలో నడక కన్నా, ధ్యానం కన్నా ముందు రావలసింది అదే.

క్వార్టర్ సంగతికొస్తే, మందు తాగితే నిద్ర త్వరగా పడుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ అది ఒంట్లోంచి దిగేకొద్దీ నిద్ర చెదురుతుంది, మూడింటికో నాలుగింటికో మెలకువ వస్తుంది, మర్నాడు దడ, చిరాకు ముందు రోజు కన్నా ఎక్కువగా ఉంటాయి, సాయంత్రానికి మళ్లీ అదే కావాలనిపిస్తుంది. అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలదీ దాదాపు ఇదే దారి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులవి, కొన్ని వారాలు రోజూ వాడినా అలవాటు పడే ప్రమాదముంది, అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. పక్కింటాయనకు పనిచేసిందని మీరు వేసుకోవద్దు. ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఫోన్ గురించి పెద్దగా చెప్పేది లేదు. తుపాను రోజుల్లో వాతావరణ శాఖ హెచ్చరిక పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి, ఖాళీ చేయమని అధికారులు చెప్తే వెళ్లండి, మిగతా వాట్సాప్ వీడియోలు మానేయండి.

గుడి, దర్గా? మేలే. నెల్లూరు రొట్టెల పండుగే చూడండి. దర్గా పక్కనే ఉన్న స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్యం రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని ఎవరికేం కావాలో పైకి చెప్పి అడుగుతారు, ముందు కోరిక తీరినవాళ్లు ఇస్తారు. నమ్మకం సంగతి ఎవరిది వాళ్లది. నాకు నచ్చేదేమిటంటే, ఇంట్లో నోరు విప్పని మనిషి కూడా అక్కడ ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు తన లోటేంటో చెప్పుకుంటాడు, ఎవరూ నవ్వరు.

అందుకే అన్నిటిలోకీ నేను ముందు పెట్టేది చెప్పుకోవడాన్నే. ఎవరికి చెప్పుకోవాలన్నది అసలు చిక్కు. స్నేహితుడైతే రేపు కూడా వచ్చి కూర్చుంటాడు, బ్యాంకుకు తోడొస్తాడు, కానీ మాట ఊళ్లోకి పొక్కుతుందేమో, పిల్ల పెళ్లికి అడ్డమవుతుందేమో అనే భయం ఉంటుంది. అలాంటప్పుడు 14416 మేలు. టెలీ మానస్ అని 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత నంబర్ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. అప్పు తీర్చరు, ఒక్క ఫోనుతో అంతా అయిపోదు, కానీ తర్వాత ఎక్కడికి పోవాలో చెప్తారు.

దిగులు, నిద్రలేమి, తిండి సహించకపోవడం, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోవడం, ఇవి రెండు వారాలకు పైగా దాదాపు రోజూ ఉంటే మాత్రం నడకా, మాటా చాలవు, డాక్టర్ కావాలి. ఒంగోలు రిమ్స్‌లో, నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగాలున్నాయి, ఓపీ చీటీ తీసుకుని మామూలు జ్వరానికి వెళ్లినట్టే వెళ్లొచ్చు. డిప్రెషన్‌కు వాళ్లిచ్చే మందులు సాధారణంగా నిద్రమాత్రలు కావు, గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే "పనిచేయట్లేదు" అని ఆపేసేవాళ్లు చాలామంది, అట్లా ఆపొద్దు.

ఇక ఎవరైనా "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలంటుంటే ఇందాకటి పోలికలేవీ వద్దు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, అడిగితే చాలామంది చెప్తారు కూడా. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే వేరేవాళ్ల ఇంటికి చేర్చి తాళం వేయించండి. ఒంటరిగా వదలొద్దు, 14416కి పక్కన కూర్చుని మీరే కలపండి. అప్పటికే ఏదైనా తాగేసి ఉంటే 108కి ఫోన్ చేయండి, పోలీసు కేసు అవుతుందని వెనకాడొద్దు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.