డీఎస్ఎల్ మోడెమ్ మార్చాలంటే ఒకే డబ్బానా, రెండు డబ్బాలా: ఏది మేలు?

ఫోన్ తీగ మీద వచ్చే నెట్ (అదే డీఎస్ఎల్) సతాయిస్తోందని వెంటనే కొత్త మోడెమ్ కొనేయకండి, ముందు పాడైంది ఏదో తేల్చుకోండి. డబ్బా మీద డీఎస్ఎల్ లైటు నిలకడగా వెలుగుతూ, కేబుల్ పెట్టిన కంప్యూటర్‌లో నెట్ బాగానే వస్తూ, ఫోన్‌లో మాత్రం నత్తలా నడుస్తోందంటే మోడెమ్‌కు ఏ రోగమూ లేదు, అనుమానించాల్సింది వైఫైని. ఆ లైటే మాటిమాటికీ మిణుకుమంటుంటే అప్పుడు మోడెమ్‌నో తీగనో అనుమానించాలి. నేను మూడు వారాలు మోడెమ్‌ను తిట్టుకుని, కొత్తది కూడా తెచ్చుకున్నాక గమనించాను, ఫోన్ మోగినప్పుడల్లా నెట్ పోతోంది! లోపలి గదిలో ఫోన్‌కు, మాటల సంకేతాన్నీ నెట్ సంకేతాన్నీ వేరుచేసే ఫిల్టర్ పెట్టలేదు. అరచేతిలో పట్టే ఆ చిన్న ముక్క పెట్టాక పాత మోడెమ్ కూడా భేషుగ్గా పనిచేసింది.

సరే, నిజంగానే మార్చాల్సి వచ్చిందనుకుందాం. దారులు రెండు. మోడెమ్ (ఫోన్ తీగ నుంచి నెట్ అందుకునేది), రౌటర్ (ఆ నెట్‌ను ఇంట్లోని పరికరాలకు పంచేది), వైఫై అన్నీ కలిసిన ఒకే డబ్బా కొనడం, లేదా మోడెమ్ వేరుగా రౌటర్ వేరుగా పెట్టుకోవడం.

ఏ దారిలో వెళ్లినా మోడెమ్ మాత్రం మీ లైన్‌కు సరిపడాలి. డీఎస్ఎల్‌లో పాత రకమైన ఏడీఎస్ఎల్2+ లైన్ మీద కాగితం ప్రకారం గరిష్ఠంగా 24 ఎంబీపీఎస్, అదీ టెలిఫోన్ ఎక్స్చేంజ్‌కు దగ్గర్లో ఉంటేనే. అంతకంటే వేగమైన రకం వీడీఎస్ఎల్2 లైన్ అయితే ఏడీఎస్ఎల్ మోడెమ్ అసలు పనికిరాదు. వీడీఎస్ఎల్ మోడెమ్‌లు చాలావరకు ఏడీఎస్ఎల్‌ను కూడా పట్టుకుంటాయి కానీ అన్నీ కాదు, పెట్టె మీద చూసుకోవాలి. మోడెమ్‌లలో అనెక్స్ ఏ, అనెక్స్ బీ అని రకాలు కూడా ఉంటాయి, మామూలు ఫోన్ లైన్‌కు ఏ, ఐఎస్‌డీఎన్ (డిజిటల్ ఫోన్ లైన్) ఉన్న చోట బీ. ఇది తప్పితే లైటు ఎప్పటికీ నిలవదు, మీరు సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోవాల్సిందే. పెద్ద అక్షరాలతో రౌటర్ అని మాత్రమే రాసి ఉన్న డబ్బాలో చాలాసార్లు డీఎస్ఎల్ మోడెమే ఉండదు. వెనక ఫోన్ తీగ పట్టే సన్నని సాకెట్ లేకపోతే అది మీ లైన్‌కు నేరుగా తగలదు. ఈ పొరపాటు చేసి తిరిగి ఇచ్చేసేవాళ్లు బోలెడుమంది.

ఒకే డబ్బాతో సుఖం ఏమిటంటే ఒక ప్లగ్గు, ఒక పేజీ, ఒక పాస్‌వర్డ్. ఇద్దరు ముగ్గురు వాడే చిన్న ఇంటికి, సెట్టింగుల జోలికి వెళ్లని మనిషికి ఇది చాలు. చిక్కల్లా ఫోన్ సాకెట్ మూల గదిలో ఉంటే వైఫై కూడా ఆ మూలకే కట్టుబడి ఉండటం. పైగా ఉరుములు మెరుపుల రోజున ఫోన్ తీగ వెంట కరెంటు దూసుకొస్తే మోడెమ్‌తో పాటు రౌటరూ పోతుంది. రెండు డబ్బాలున్నా కేబుల్ వెంట రెండోదానికి దెబ్బ తగలదని హామీ లేదు, కానీ చాలాసార్లు మొదటిదే బలవుతుంది.

నా ఓటు రెండు డబ్బాలకే, అదీ పాత మోడెమ్ బతికే ఉంటే ఇంకా గట్టిగా. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టేస్తే అది రౌటర్ పని మానేసి లైన్ అందుకోవడం ఒక్కటే చూసుకుంటుంది. మీ లైన్ పీపీపీఓఈ (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) అయితే ఆ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొత్త రౌటర్‌లో ఇస్తారు. బ్రిడ్జ్ చేయకుండా రౌటర్ వెనక రౌటర్ తగిలిస్తే మామూలు బ్రౌజింగ్ నడుస్తుంది గానీ ఆన్‌లైన్ గేములు, బయటినుంచి చూసే కెమెరాలు మొరాయించవచ్చు. ఇంకో తలనొప్పి, రెండూ 192.168.1.1 అనే చిరునామాతోనే వస్తే మోడెమ్ పేజీ తెరుచుకోదు, ఒకదాన్ని 192.168.2.1 చేయండి. రేపు ఫైబర్ వచ్చినా మోడెమ్ ఒక్కటి పక్కన పడేసి రౌటర్ అలాగే వాడుకోవచ్చు.

వైఫై 6 అని రాసి ఉందని మురిసిపోకండి. లైన్ 10 ఎంబీపీఎస్ ఇస్తుంటే ఏ వైఫై అయినా అంతకు మించి తేలేదు. అంతకంటే ఎస్‌క్యూఎం (ఒకరి డౌన్‌లోడ్, అప్‌లోడ్ వల్ల మిగతావారి నెట్ ఆగిపోకుండా రద్దీని సర్దే సదుపాయం) ఉన్న రౌటర్ చూడండి. ఎవరో వీడియో అప్‌లోడ్ పెట్టగానే వీడియో కాల్ ముక్కలైపోయే ఇళ్లలో అది చేసే మేలు నెమ్మది లైన్ల మీదే బాగా తెలుస్తుంది.

ఇంటర్నెట్ సంస్థ ఇచ్చే డబ్బా తీసుకోవాలా అంటే, లైన్ మీద గొడవలుంటే తీసుకోండి. లేకపోతే ఫిర్యాదు చేసినప్పుడల్లా మీ మోడెమ్‌దే తప్పంటారు. అయితే కొన్నిట్లో బ్రిడ్జ్ మోడ్ మూసేసి ఉంటుంది, ముందే అడగండి.

ఏది కొన్నా సరే, పాత డబ్బాను రీసెట్ చేసేముందు దాని పేజీలో లైన్ కలవడానికి కొత్త డబ్బాలో ఇవ్వాల్సిన వీపీఐ, వీసీఐ అంకెలు (వీడీఎస్ఎల్ అయితే వీలాన్ నంబరు), పీపీపీఓఈ యూజర్ నేమ్ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. పాస్‌వర్డ్ అక్కడ చుక్కలుగానే కనిపిస్తుంది, దాన్ని సంస్థవాళ్లనే అడిగి రాసుకోవాలి. నెట్ పోయాక అవి వెతకడానికి నెట్ ఉండదు.